లూసిండా విలియమ్స్ ఆల్బమ్‌కి ఆరేళ్లు ఎందుకు పట్టింది?

1998 జూన్ 30న అమెరికాలో ఒక ఆల్బమ్ విడుదలైంది. పేరు 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్', కంకర రోడ్డు మీద కారు చక్రాలు. రాసి పాడింది లూసిండా విలియమ్స్. అప్పటికి ఆమెకు 45 ఏళ్లు. అంతకు ముందు ఆల్బమ్ వచ్చి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో పాటల్ని టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఒకసారి చాలావరకు రికార్డు చేసి పక్కన పెట్టేశారు. నాష్‌విల్‌లో మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు. లాస్ ఏంజెలెస్‌లో ముగించారు. ఈలోగా పాత స్నేహాలు తెగిపోయాయి, కంపెనీ మారింది.

దీని గురించి ఎక్కడ చదివినా ఒకే కథ కనిపిస్తుంది: ఆమెకు ఏదీ ఒక పట్టాన నచ్చదు, అందుకే ఇంత ఆలస్యం అని. విడుదలకు ముందే, 1997లో, న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రిక ఆమె స్టూడియో తంటాల మీద పెద్ద వ్యాసం వేయడంతో ఆ ముద్ర గట్టిగా పడిపోయింది. అందులో నిజం లేదని కాదు, ఉంది. కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే మ్యూజిక్ కంపెనీల లెక్కల్లోకి, పాటల్ని ఏ అరలో సర్దాలన్న వాళ్ల పేచీలోకి వెళ్లాలి.

ముందు ఆ అరల సంగతి చూద్దాం. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉంటున్న మనవాళ్లకు కంట్రీ మ్యూజిక్ కొత్త కాదు, కారు రేడియో తిప్పితే ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. ఆ రేడియోలో వచ్చేది చాలావరకు నాష్‌విల్ సరుకు. టెనెసీ రాష్ట్రంలోని ఆ ఊరు దశాబ్దాలుగా కంట్రీ వ్యాపారానికి రాజధాని. 1990లలో అక్కడ గార్త్ బ్రూక్స్, షనాయా ట్వెయిన్ లాంటి వాళ్ల హవా నడిచింది. ఆల్బమ్‌లు కోట్లలో అమ్ముడయ్యేవి. శబ్దం నున్నగా, మెరుగు పెట్టినట్టు ఉండేది. పాత కంట్రీలోని గరుకుదనం, తాగుడు, చావు, పేదరికం, ఇలాంటివి రేడియోకి పెద్దగా పనికొచ్చేవి కావు.

ఆ గరుకుదనం కావాలనుకున్న వాళ్లు వేరే దారి పట్టారు. ఇలినాయ్‌లోని బెల్‌విల్ అనే చిన్న ఊరి కుర్రాళ్లు పెట్టిన 'అంకుల్ టుపెలో' బ్యాండ్ 1990లో 'నో డిప్రెషన్' అనే ఆల్బమ్ తెచ్చింది. కంట్రీ తొలినాళ్ల కుటుంబ బృందం కార్టర్ ఫ్యామిలీ పాడిన పాత పాట ఒకదాన్ని, పంక్ అనే దూకుడు రాక్ వాయించే కుర్రాళ్ల ఊపుతో కలిపి వదిలారు. అదే పేరుతో 1995లో ఒక పత్రిక వచ్చింది. ఈ బాపతు సంగీతానికి ఆల్టర్నేటివ్ కంట్రీ అన్న పేరు స్థిరపడింది. ముద్దుగా ఆల్ట్-కంట్రీ.

నా ఉద్దేశంలో ఆల్ట్-కంట్రీ అనేది ఒక ప్రత్యేకమైన బాణీ పేరు కాదు. నాష్‌విల్ రేడియో వద్దన్నదంతా పోగుపడిన చోటు అది. అందుకే అందులో పంక్ వాళ్లూ ఉంటారు, ముసలి జానపద గాయకులూ ఉంటారు. లూసిండా ఆ గుంపులో పోయి చేరలేదు. ఆమె అప్పటికే ఇరవై ఏళ్లుగా పాడుతోంది. ఆ అర తయారయ్యేసరికి ఆమె దాని నడుమ కనిపించింది, అంతే.

ఆ ఇరవై ఏళ్లలో ఏం జరిగిందో తెలిస్తే ఆలస్యం సంగతి సగం అర్థమవుతుంది. మొదటి రెండు ఆల్బమ్‌లు 1979లో, 1980లో ఫోక్‌వేస్ అనే చిన్న కంపెనీ ద్వారా వచ్చాయి. ఎవరూ పెద్దగా వినలేదు. 1980ల నడుమ సీబీఎస్ అనే పెద్ద కంపెనీ వాళ్లు ఆమెతో డెమో, అంటే నమూనా టేపు, రికార్డు చేయించారు. అప్పుడు జరిగింది ఆమె ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది: లాస్ ఏంజెలెస్ ఆఫీసు విని, రాక్‌కి ఇది మరీ కంట్రీగా ఉంది అంది. నాష్‌విల్ ఆఫీసు విని, కంట్రీకి ఇది మరీ రాక్‌గా ఉంది అంది. ఒకే టేపు. చివరికి ఆమెను తీసుకున్నది రఫ్ ట్రేడ్. అది పంక్ బ్యాండ్‌లకు పేరుపడ్డ బ్రిటిష్ కంపెనీ. 1988లో ఆమె పేరుతోనే ఆల్బమ్ వేసింది. 1991లో ఆ కంపెనీ చేతులెత్తేసింది. మధ్యలో ఆర్‌సీఏ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరినా, మిక్సింగ్ నచ్చక ఆమే బయటికొచ్చేసింది. తరువాత కమీలియన్ అనే కంపెనీ 1992లో 'స్వీట్ ఓల్డ్ వరల్డ్' విడుదల చేసింది. మరుసటి ఏడు అదీ మూతపడింది.

ఇక విడ్డూరం ఏమిటంటే, 1988 ఆల్బమ్‌లోని 'ప్యాషనేట్ కిసెస్' పాటను మేరీ చాపిన్ కార్పెంటర్ అనే గాయని మళ్లీ పాడితే అది రేడియోలో మారుమోగిపోయింది. అందులో ఒక ఆడమనిషి తనకు కావాల్సినవి అడుగుతుంది: హాయిగా పడుకోవడానికి మంచం, ఇంకు అయిపోని పెన్నులు, ఆలోచించుకోవడానికి తీరిక, దాంతోపాటు ప్రేమ. 1994లో ఉత్తమ కంట్రీ పాటగా గ్రామీ వచ్చింది, రాసినందుకు లూసిండాకే. తన గొంతుకు దారి ఇవ్వని నాష్‌విల్ తన పాటకు బహుమతి ఇచ్చింది.

ఇప్పుడు 1995కి వద్దాం. కొత్త ఒప్పందం రిక్ రూబిన్ నడిపే అమెరికన్ రికార్డింగ్స్‌తో. పాతతరం కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌కు మలివయసులో మళ్లీ ఊపిరి పోసిన కంపెనీ అది. ఆస్టిన్‌లో రికార్డింగ్ మొదలైంది. ప్రొడ్యూసర్ గర్ఫ్ మార్లిక్స్. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు. ఎవరు ఏ వాద్యం వాయించాలి, గొంతు ఎంత ముందుకు వినిపించాలి, ఏ టేకు ఉంచాలి, ఏది తీసేయాలి, ఇవన్నీ చూసుకునేవాడు. మార్లిక్స్ ఆమె పక్కన ఏళ్ల తరబడి గిటార్ వాయించాడు. వెనకటి రెండు ఆల్బమ్‌ల శబ్దం అతని చేతి మీదుగా వచ్చిందే. ఆస్టిన్ రికార్డింగ్ కూడా చాలావరకు పూర్తయింది.

అంతలో లూసిండా నాష్‌విల్ వెళ్లి స్టీవ్ ఎర్ల్ ఆల్బమ్ కోసం అతనితో ఒక యుగళగీతం పాడింది. ఎర్ల్ అప్పుడే డ్రగ్స్, జైలు దాటుకుని మళ్లీ పాటల్లోకి వచ్చిన మనిషి. అతను, రే కెనెడీ అనే ఇంజనీరు కలిసి జంటగా పనిచేసేవాళ్లు. పాతకాలం మైకులు, పాత పరికరాలు వాడతారు. టేపు తిప్పి వింటే ఆమె గొంతు పక్కన కూర్చుని పాడుతున్నంత దగ్గరగా వినిపించింది. అది విన్నాక ఆస్టిన్ టేపుల్లో తన గొంతు ఆమెకు చప్పగా అనిపించింది. ముందు కొంత గొంతు వరకు మళ్లీ పాడదాం అనుకున్నది కాస్తా, మొత్తం మళ్లీ చేద్దాం దాకా వెళ్లింది.

ఇక్కడ మార్లిక్స్ పరిస్థితి కూడా ఆలోచించాలి. తను పూర్తి చేసిన పనిని ఇంకొకరి స్టూడియోలో మళ్లీ మొదట్నుంచి చేస్తుంటే, అక్కడే కూర్చుని గిటార్ వాయించాలి. కొన్నాళ్లు వాయించాడు, తరువాత వెళ్లిపోయాడు. పదేళ్లకు పైబడిన జత అక్కడితో తెగింది. ఎర్ల్‌తోనూ సజావుగా సాగలేదు. అతనిది గబగబా తేల్చేసే పద్ధతి, మొదటి టేకులో ప్రాణం ఉంటుందంటాడు. ఆమె ప్రతి మాటా ఎలా పలికిందో విని చూసుకునే మనిషి. ఇద్దరూ ఒక గదిలో ఉంటే టెన్షన్ కాక మరేముంటుంది? అతను తన కచేరీల పని మీద వెళ్లిపోయాక, లూసిండా టేపులు తీసుకుని లాస్ ఏంజెలెస్ చేరింది. అక్కడ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్‌లో కీబోర్డు వాయించే రాయ్ బిటన్‌తో కూర్చుని, ఉన్న రికార్డింగు మీద అకార్డియన్, ఆర్గన్, మరికొన్ని గిటార్లు చేర్పించింది.

ఇంతమంది చేతులు పడ్డ పని మామూలుగా అయితే అతుకుల బొంతలా ఉండాలి. కానీ ఈ ఆల్బమ్ వింటే నలుగురైదుగురు ఒక వరండాలో కూర్చుని ఒక మధ్యాహ్నం వాయించేసినట్టు ఉంటుంది. అసలు చిక్కుముడి ఇదే. ఇంత శ్రమ దేనికి? సంక్లిష్టంగా చేయడానికి కాదు. ఏ శ్రమా పడనట్టు వినిపించడానికి. డ్రమ్స్ రాక్ పద్ధతిలో బరువుగా, వెనక్కి లాగుతూ పడతాయి. గిటార్లు కంట్రీలో ఉంటాయి. కొన్ని పాటలు అచ్చంగా మిసిసిపీ బ్లూస్, అక్కడి నల్లవాళ్ల పాత పాటల తీరు. 'జాయ్' దాదాపు ఒకే గిటార్ వరస మీద చివరిదాకా నడుస్తుంది. ఇవన్నీ ఎవరి దారిన వాళ్లు పోకుండా పట్టి ఉంచేది ఆమె గొంతు ఒక్కటే. లూసియానా యాసలో మాటల చివర్లు సాగదీస్తూ, కాస్త మింగేస్తూ పాడుతుంది. ఆ గొంతు ఒక్క అడుగు వెనక్కి జరిగితే మొత్తం చెదిరిపోతుంది. ఆస్టిన్ టేపులతో ఆమె పేచీ అక్కడే అని నాకనిపిస్తుంది.

పాటల దగ్గరికి వస్తే, పదమూడింటిలో పన్నెండు ఆమె రాసినవో, ఒకరితో కలిసి రాసినవో. 'కాంట్ లెట్ గో' ఒక్కటి ర్యాండీ వీక్స్ అనే వేరే రచయితది. 'ఐ లాస్ట్ ఇట్' 1980 ఆల్బమ్‌లో పాడినదే, పద్దెనిమిదేళ్ల తరువాత మళ్లీ పాడింది.

టైటిల్ పాటలో కథంటూ లేదు. జార్జియాలోని మేకన్‌లో ఒక ఇల్లు. వంటింట్లో రేడియో, అందులో కంట్రీ గాయని లొరెటా లిన్. కాఫీ, కోడిగుడ్ల వాసన. ఎవరో తాళాల కోసం వెతుకుతున్నారు, దుమ్ము పట్టిన సూట్‌కేసు తీశారు. పెట్టినచోట ఏదీ ఉండి చావదే అన్న విసుగు. దోమల తలుపు దబ్బున మూసుకుంటుంది. నేను వచ్చేసరికి ఈ గది సర్ది ఉండాలి అని ఒక గదమాయింపు. ఇక ప్రయాణం: టెలిఫోన్ స్తంభాలు, తీగలు వెనక్కి పోతుంటాయి, ముందు సీట్లో పెద్దవాళ్లు సన్నగా ఏదో మాట్లాడుకుంటుంటారు. అన్నీ పెద్దవాళ్ల హడావిడి ముక్కలే. వాటిని ఎవరు వింటున్నారో చివరి చరణం దాకా చెప్పదు. వెనక సీట్లో నాలుగైదేళ్ల పిల్ల, మొహం మీద మట్టి, కన్నీటి చారలు. ఎందుకు ఏడ్చిందో చెప్పదు.

ఆమె తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి. 1997లో బిల్ క్లింటన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు ఆ వేదిక మీద కవిత చదివిన మనిషి. స్థిరమైన ఉద్యోగం దొరికేదాకా కాలేజీ నుంచి కాలేజీకి మారుతూ తిరిగాడు. లూసియానాలోని లేక్ చార్లెస్‌లో పుట్టిన లూసిండా బాటన్ రూజ్, జాక్సన్, విక్స్‌బర్గ్, మేకన్, న్యూ ఓర్లీన్స్, ఇంకా చిలీ, మెక్సికోల మీదుగా ఆర్కన్సాలోని ఫయెట్‌విల్ చేరింది. తల్లికి మానసిక అనారోగ్యం, తరువాత ఇల్లు విడిపోయింది. ఈ పాటను ఒక కచేరీలో మొదటిసారి విన్న తండ్రి, ముగిశాక దగ్గరికి వచ్చి క్షమించమని అడిగాడని ఆమె చెబుతుంది. అప్పటిదాకా ఆ పిల్ల తానేనని ఆమెకే తట్టలేదట. కవిత్వం చదివే అలవాటున్న మనిషి కదా, ఆయనకు వెంటనే అందింది.

'డ్రంకెన్ ఏంజెల్' చనిపోయిన స్నేహితుడి మీద పాట. బ్లేజ్ ఫోలీ ఆస్టిన్‌లో పాటలు రాసుకుంటూ, తాగుతూ, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకుంటూ బతికాడు. చిరిగిన బూట్లకు, బట్టలకు వెండి రంగు డక్ట్ టేపు అతికించుకుని తిరిగేవాడు. 1989 ఫిబ్రవరిలో ఒక గొడవలో తుపాకీ గుండు తగిలి పోయాడు. శవపేటికకు కూడా స్నేహితులు అదే టేపు అతికించారు. పాటలో ఆ టేపు బూట్లు ఉన్నాయి, గుండెలోంచి కారిన రక్తం గిటార్ తీగల మీద, చెయ్యి రాసుకుని అరిగిపోయిన చెక్క మీద పడటం ఉంది. అయితే ఇది పొగడ్త పాట కాదు. ఎందుకు ఇంత దూరం తెచ్చుకున్నావు అని తిడుతుంది. మన పల్లెల్లో పోయినవాళ్ల మీద పడి శోకాలు పెట్టేటప్పుడు 'ఎంత పని చేశావురా' అని నిలదీస్తూ ఏడుస్తారు చూడండి, అదే కోపం.

'లేక్ చార్లెస్' కూడా చావు పాటే, కానీ మెత్తనిది. ఒకప్పటి ప్రియుడి గురించి. అతను పుట్టింది తూర్పు టెక్సస్‌లోని నాకొడోచెస్‌లో. అడిగిన ప్రతివాడికీ మాది లేక్ చార్లెస్ అని చెప్పుకునేవాడు. పాట మొదట్లోనే ఆ అబద్ధాన్ని బయటపెట్టి, చివరికి ఎవరేమన్నా నీ ప్రాణం లేక్ చార్లెస్‌లోనే ఉంది అంటుంది. పాటలో చెప్పనిది ఒకటుంది. లేక్ చార్లెస్ ఆమె పుట్టిన ఊరు. అంటే అతను కోరుకున్న ఊరు ఆమెది, దాన్ని అతనికి రాసిచ్చేసింది. ఈ సంగతి తెలిశాక ఆ పాట నాకు పూర్తిగా వేరేలా వినిపించింది.

ఊళ్ల పేర్లు ఆల్బమ్ నిండా ఉన్నాయి, దక్షిణాది మ్యాపు పక్కన పెట్టుకుని వినొచ్చు. కానీ అలంకారానికి పెట్టినవి కావు. 'జాయ్'లో నా సంతోషం నువ్వు లాక్కుపోయావు అని, దాన్ని వెతుక్కుంటూ వెస్ట్ మెంఫిస్ పోతానంటుంది, స్లైడెల్ పోతానంటుంది, తప్పిపోయిన సామాను కోసం తిరిగినట్టు. ఆఖరి పాట 'జాక్సన్'లో జాక్సన్ చేరేసరికి నువ్వు పెద్దగా గుర్తురావులే అంటుంది. తరువాత లఫాయెట్ పేరు చెప్పి అలాంటిదే అంటుంది, ఆ తరువాత బాటన్ రూజ్. ఒక ఊరు చాలకపోబట్టే కదా ఇంకో ఊరు. మర్చిపోయాను అని ఒక్కసారీ అనదు, మర్చిపోతాను అనే అంటుంది. '2 కూల్ 2 బి 4-గాటెన్' పుట్టుక ఇంకా తమాషా. బర్నీ ఇమ్స్ అనే ఫొటోగ్రాఫర్ మిసిసిపీలోని నల్లవాళ్ల చిన్న చిన్న నాటు బార్‌లను తీసిన ఫొటోలు చూసి రాసింది. గంజాయి తాగరాదు, పన్నెండు దాటితే బీరు అమ్మబడదు, ఇలాంటి గోడరాతలు పాటలో చరణాలైపోయాయి.

మొదటి పాట 'రైట్ ఇన్ టైమ్' గురించి ఒక మాట. ఒంటరిగా ఉన్న ఆడమనిషి ఇష్టపడ్డవాణ్ని తలచుకుంటూ గడియారం తీసి పెడుతుంది, చెవి కమ్మలు, చేతి గాజులు తీసి పెడుతుంది, పడుకుంటుంది. నలభై దాటిన గాయని ఆల్బమ్‌ను ఈ కోరికతో మొదలుపెట్టడం ఆనాటి కంట్రీ రేడియోలో ఊహకందనిది.

మళ్లీ ఆలస్యం దగ్గరికి. లాస్ ఏంజెలెస్‌లో పని ముగిశాక కూడా ఆల్బమ్ బయటికి రాలేదు. రూబిన్ కంపెనీ పంపిణీ ఒప్పందం గొడవల్లో పడింది, టేపు బీరువాలో ఉండిపోయింది. చివరికి మెర్క్యురీ కంపెనీ హక్కులు కొని విడుదల చేసింది. ఈ నెలలన్నీ కూడా ఆమె ఖాతాలోనే వేసేశారు జనం.

ఆల్బమ్‌ల మధ్య ఖాళీలు లెక్కేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1980, 1988, 1992, 1998: ఎనిమిదేళ్లు, నాలుగు, ఆరు. కంపెనీలు మూతపడుతున్న రోజులివి. ఆ తరువాత లాస్ట్ హైవే అనే కంపెనీలో కుదురుకుంది. 2001, 2003, 2007, 2008, 2011లలో ఆల్బమ్‌లు వచ్చాయి. మనిషి అదే, పట్టింపులు అవే. ఇల్లు కుదిరితే పని జరిగింది.

ఆడమనిషి కాబట్టి మాటపడింది అన్న వాదన కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. బిటన్ వాయించే బ్యాండ్ నాయకుడు స్ప్రింగ్‌స్టీన్ 1974లో 'బోర్న్ టు రన్' అనే ఒక్క పాటకే ఆరు నెలలు పట్టాడు. దాన్ని దీక్ష అన్నారు. లూసిండా చేస్తే చాదస్తం అయింది. అలాగని ఆమెను మరీ వెనకేసుకు రావాల్సిన పనీ లేదు. మార్లిక్స్ నొచ్చుకోవడం న్యాయమే. ఆస్టిన్ రికార్డింగు విడుదలైనా అదీ మంచి ఆల్బమే అయ్యేదేమో. ఇంత దగ్గరి గొంతు మాత్రం అందులో ఉండేది కాదు.

విడుదలయ్యాక విమర్శకులు ఒక్క గొంతుతో మెచ్చుకున్నారు. విలేజ్ వాయిస్ పత్రిక ఏటా జరిపే విమర్శకుల ఓటింగులో 1998కి మొదటి స్థానం దీనిదే. ఆమె ఆల్బమ్‌లలో మొదటిసారి 5 లక్షల కాపీల గోల్డ్ గుర్తింపు వచ్చింది. అయినా బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆల్బమ్‌ల ప్రధాన జాబితాలో మొదటి 50లోకి కూడా ఎక్కలేదు. అదే ఏడు, అదే మెర్క్యురీ పేరు మీద నాష్‌విల్ విభాగం అమ్ముతున్న షనాయా ట్వెయిన్ ఆల్బమ్ కోట్లలో పోతోంది. కంట్రీ రేడియో ఇటు చూడలేదు.

గ్రామీ వాళ్లకు మళ్లీ అరల సమస్య వచ్చింది. 1999లో ఈ ఆల్బమ్‌కు ఇచ్చింది ఉత్తమ సమకాలీన ఫోక్ ఆల్బమ్ బహుమతి. ఇదే ఆల్బమ్‌లోని 'కాంట్ లెట్ గో'ను ఉత్తమ రాక్ గాయని విభాగంలో పోటీకి నిలబెట్టారు. ఆ రాక్ బహుమతి తరువాతి ఆల్బమ్ పాటకు 2002లో వచ్చింది. కంట్రీ, ఫోక్, రాక్: ఎనిమిదేళ్లలో మూడు వేరు వేరు అరల్లో గ్రామీలు. ఇలా కంట్రీ, ఫోక్, రాక్ కలగలిసిన సంగీతాన్నే అమెరికానా అంటారు. అమెరికానా ఆల్బమ్ అంటూ గ్రామీలో విడిగా విభాగం పెట్టింది 2010లో.

కొత్తగా వినేవాళ్లు మొదటి పాటతో కాకుండా ఆరోదైన 'లేక్ చార్లెస్'తో మొదలుపెట్టి, తరువాత టైటిల్ పాట వినండి. నచ్చితే 2006లో వచ్చిన రెండు డిస్కుల కూర్పు వెతకండి. అందులో 1998 జూలైలో ఫిలడెల్ఫియాలో చేసిన కచేరీ మొత్తం ఉంది. ఆరేళ్లు చెక్కిన పాటల్నే వేదిక మీద ఒక్క టేకులో ఎలా పాడేసిందో తెలుస్తుంది. ఇక ఆమె తీరు మారిందా అంటే, 2017లో 'స్వీట్ ఓల్డ్ వరల్డ్' ఆల్బమ్‌ను, పాతికేళ్ల తరువాత, మొత్తం మళ్లీ రికార్డు చేసింది.